సొంతంగా ఇల్లు కట్టించుకోవడం: బెంగళూరు తెలుగువాళ్ల కోసం మొదటి కాగితం నుంచి గృహప్రవేశం దాకా

బెంగళూరులో కేఆర్ పురం, హొరమావు, వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు వెళ్తే మన తెలుగువాళ్ల ఖాళీ సైట్లు చాలానే కనిపిస్తాయి. ఎప్పుడో కొని, చుట్టూ రాతి కూసాలు పాతి వదిలేసినవి. ఇంటద్దె పెరిగినప్పుడల్లా "ఇక కట్టేద్దాం" అన్న మాట వస్తుంది. మొత్తం పనిని ఒక కంపెనీ చేతిలో పెట్టకుండా, ఇంజినీరునీ మేస్త్రీనీ తామే పెట్టుకుని, సామాను తామే కొని కట్టించుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది.

ముందే ఒక మాట. ఇందులో మిగిలే డబ్బు మీరు అనుకున్నంత ఉండదు. కాంట్రాక్టరు లాభం మిగిలినా, వాళ్లకి దొరికే టోకు ధర మనకి దొరకదు. పైగా మన సెలవులన్నీ సైటు దగ్గరే అయిపోతాయి. అసలు లాభం ఏమిటంటే, ఏదైనా మూసేసే ముందు మన కళ్లతో చూసుకునే వీలుంటుంది. పునాది మట్టి కిందకి పోతుంది, కడ్డీ కాంక్రీటులోకి పోతుంది, పైపు గోడలోకి పోతుంది. టైల్స్ నచ్చకపోతే పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు గానీ స్లాబులో కడ్డీని ఎవరూ మార్చలేరు. అందుకే కంటికి కనపడకుండా పోయే పనుల గురించే ఇక్కడ ఎక్కువ చెప్తాను.

మొదటి అడుగు: కాగితాలు

సైటు కొన్నప్పుడు చూశాం కదా అనుకోకుండా, కట్టే ముందు మళ్లీ ఒకసారి అన్నీ బయటికి తీయండి. సేల్ డీడ్, మదర్ డీడ్ (సైటు అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే మూల పత్రం), కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్ నుంచి తాజా ఈసీ (సైటు మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), పన్ను రసీదులు, వ్యవసాయ భూమి నుంచి మార్చినదైతే డీసీ (జిల్లా కలెక్టరు) కన్వర్షన్ ఉత్తర్వు, లేఅవుట్ అనుమతి, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు). 2025 సెప్టెంబరులో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వార్డు ఇప్పుడు ఏ కార్పొరేషన్ కిందికి వచ్చిందో ముందు తెలుసుకోండి. పాత కాగితాల మీద బీబీఎంపీ అనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లకి ఎక్కువ తికమక పెట్టేది ఏ-ఖాతా, బి-ఖాతా గొడవ. అనుమతులన్నీ సరిగ్గా ఉన్నవాటికి ఏ-ఖాతా, లోపాలున్నవాటికి బి-ఖాతా. బి-ఖాతా ఉంటే పన్ను కట్టించుకుంటారు, అంతమాత్రాన ప్లాను మంజూరవుతుందని కాదు. చాలా బ్యాంకులు అప్పు కూడా ఇవ్వవు. బి నుంచి ఏకి మార్చుకునే దారి 2025లో ప్రభుత్వం తెరిచింది, దానికి ఫీజు ఉంటుంది. అది తేలకుండా పునాది తవ్వకండి. "అందరూ కట్టేస్తున్నారు సార్, ఏం కాదు" అని పక్క సైటు వాళ్లు చెప్పేది వాళ్ల ధైర్యం. దాని మీద మీ ఇల్లు నిలబడదు.

ఇంకో సంగతి. మాస్టర్ ప్లాన్ మ్యాపులో మీ సైటు పక్కన రాజకాలువ (పెద్ద వాననీటి కాలువ) ఉందేమో చూడండి. ఇవాళ చూస్తే అది చిన్న మురుగు కాలువలాగే ఉండొచ్చు, లేదా అసలు కనపడకపోవచ్చు. రికార్డుల్లో ఉంటే మాత్రం దాని పక్కన బఫర్ (ఏమీ కట్టకూడని ఖాళీ) వదలాల్సిందే.

రెండో అడుగు: నేల, ఎత్తు, నీళ్లు

బెంగళూరులో చాలాచోట్ల ఎర్రమట్టి, దాని కింద గట్టి నేల. చిన్న ఇంటికి మంచి నేలే. కానీ ఈ ఊళ్లో చెరువులు ఎక్కువ. పాత చెరువు గర్భాల్లోనూ వాటి అంచుల్లోనూ, గుంటల్ని చెత్తతో, శిథిలాలతో పూడ్చి వేసిన లేఅవుట్లు ఉన్నాయి. పైన రెండడుగుల ఎర్రమట్టి పరిచి ఉంటుంది, కింద ఏముందో తెలియదు. సాయిల్ టెస్టుకి అయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో గోరంత. పక్కింటివాళ్లు ఎంత లోతు పోయారో అడగండి గానీ, టెస్టు మానకండి.

2022 సెప్టెంబరులో యమలూరు, బెళ్లందూరు వైపు ఖరీదైన విల్లాల్లోకి కూడా నీళ్లు రావడం, జనాన్ని ట్రాక్టర్ల మీద తరలించడం చూశాం. రోడ్డు మీద తారు పొర మీద పొర పడుతూనే ఉంటుంది, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని ప్లింత్ (ఇంటి నేల మట్టం) ఎత్తు ఇవాళ్టి రోడ్డుని చూసి నిర్ణయించకూడదు. మామూలు చోట రోడ్డు మీద నుంచి రెండున్నర, మూడడుగులు పెట్టండి. వాలు కిందవైపు సైటైతే ఇంజినీరుతో ఇంకా మాట్లాడండి. కారు ఎక్కే ర్యాంపు కోసం ఇంటిని కిందకి దించేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక నీళ్లు. 2024 మార్చిలో కరువు వచ్చినప్పుడు తాగునీటిని కట్టుబడికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని నగర నీటి సరఫరా బోర్డు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ ప్రకటించింది. బోరు ఉన్నా అనుమతి కావాలి, అనుమతి ఉన్నా నీళ్లు పడతాయన్న హామీ లేదు. కాబట్టి టాంకరు ఖర్చు బడ్జెట్లో ముందే రాసుకోండి. సంపు మాత్రం మొదట్లోనే కట్టించేయండి, పని సాగినన్నాళ్లూ అదే మీ నీళ్ల తొట్టి. లోపలి కొలత 8×6×6 అడుగులు ఉంటే 288 ఘనపుటడుగులు, అంటే సుమారు 8,100 లీటర్లు. చిన్న టాంకరు 6,000 లీటర్లు తెస్తుంది, కాబట్టి సంపు పూర్తిగా ఎండకముందే ఇంకో లోడు దించుకోవచ్చు.

మూడో అడుగు: ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగు

ఈ రెండూ వేరు వేరు. ఆర్కిటెక్టు గీసేది ఏ గది ఎక్కడన్నది. స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పేది ఏ పిల్లరులో ఎన్ని కడ్డీలు, ఎంత లావువి అన్నది. "నాకు పాతికేళ్ల అనుభవం సార్, డ్రాయింగు ఎందుకు" అనే మేస్త్రీ నిజంగా మంచి పనివాడే కావచ్చు. అయినా డ్రాయింగు ఉండాల్సిందే. లేకపోతే అతను భయంతో ఒకచోట ఎక్కువ కడ్డీ వేస్తాడు, అలవాటు మీద ఇంకోచోట తక్కువ వేస్తాడు. రెండిటికీ డబ్బు మీదే.

వాస్తు మాట ఈ దశలోనే తేల్చుకోండి. ఊళ్లో ఉన్న మామగారు, పెద్దనాన్న, సిద్ధాంతిగారు, అందరి చేతా ప్లాను కాగితం మీదే చూపించుకోండి. ప్లింత్ అయ్యాక "వంటిల్లు ఆగ్నేయానికి రాలేదేమిటి అల్లుడూ" అన్న ప్రశ్న వస్తే డ్రైనేజీ పైపులన్నీ మార్చాలి.

మంజూరైన ప్లానులో చుట్టూ వదలాల్సిన ఖాళీ సైటు సైజుని బట్టి, రోడ్డు వెడల్పుని బట్టి ఉంటుంది. దాన్ని తినేయకండి. చివర్లో కనెక్షన్ల దగ్గర అదే అడ్డం తిరుగుతుంది.

నాలుగో అడుగు: డబ్బు, ఒప్పందం

ఇక్కడ మేస్త్రీలు స్క్వేర్ల లెక్కన మాట్లాడతారు. ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. 30×40 సైటులో కింద 900, పైన 900 కడితే 18 స్క్వేర్లు. రేటు వినగానే గుణించి సంతోషపడకండి. ఆ రేటులో సంపు ఉందా, కాంపౌండు గోడ, పారాపెట్, మేడ మీద టాంకు, గేటు, కిచెన్ అలమరాలు, కరెంటు డిపాజిట్లు ఉన్నాయా? ఒక్కొక్కటే అడిగి రాయించుకోండి. సాధారణంగా ఇవన్నీ "ఎక్స్‌ట్రా". ఇవన్నీ చేరాక బిల్లు తడిసి మోపెడవుతుంది.

సామాను మీరు కొని కూలి మాత్రం మేస్త్రీకి ఇచ్చే లేబర్ కాంట్రాక్టులో ఒక సౌలభ్యం ఉంది. విడిగా కట్టుకునే ఒక్క నివాసానికి కేవలం కూలి ఒప్పందం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. సామానుతో కలిపి ఇస్తే 18 శాతం పడుతుంది. సిమెంటు మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ చూపిస్తే ఒప్పుకోకండి. ఖర్చు ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటితే కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం ఉంటుంది, ఆ పరిమితి ఇప్పుడు ఎంతో కనుక్కుని దాన్నీ లెక్కలో వేసుకోండి.

బ్యాంకు అప్పు ఒకేసారి చేతికి రాదు. ప్లింత్, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం), స్లాబు ఇలా పని అయినకొద్దీ ఇంజినీరు వచ్చి చూశాక విడుదల చేస్తారు. ఈ మధ్యలో వారం, పది రోజులు ఆలస్యం మామూలే, మేస్త్రీ మాత్రం శనివారం కూలి ఆపలేడు. కనీసం ఒక దశ పనికి సరిపడా సొంత డబ్బు చేతిలో ఉంచుకోండి. నా లెక్కలో ఇంటి కోసం చేసే అప్పుల్లో అన్నిటికంటే ప్రమాదం, స్లాబు ముందురోజు బావమరిది దగ్గర తెచ్చేది.

ఒప్పందం స్టాంపు పేపరు మీద రాసుకోండి. డ్రాయింగులు జతచేసి, ఏ దశకి ఎంత చెల్లింపో, సిమెంటు, స్టీలు, వైర్ల బ్రాండు ఏదో, ఎక్స్‌ట్రా పనికి రేటెంతో, కూలీలకి దెబ్బ తగిలితే ఎవరి బాధ్యతో అన్నీ అందులో ఉండాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. పరంజా మీద నుంచి ఒకరు పడితే అది ఒక కుటుంబం గతి మాట. వర్క్‌మెన్ పాలసీ (కూలీలకి ప్రమాద పరిహారం ఇచ్చే బీమా) తీసుకోండి, అంత ఖరీదేమీ కాదు. మొత్తంలో 5 శాతం చివరికి ఆపి ఉంచుతామని కూడా రాయించండి.

ఐదో అడుగు: ఎప్పుడు మొదలుపెట్టాలి

బెంగళూరులో మే నెల సాయంత్రపు వానలతో మొదలై అక్టోబరు దాకా వానలే, సెప్టెంబరు మరీను. నవంబరు, డిసెంబరుల్లో పునాది మొదలుపెడితే మే లోపు స్లాబులు పడతాయి. గుద్దలి పూజకి ముహూర్తం చూసేటప్పుడు మూఢాలతో పాటు కూలీల క్యాలెండరు కూడా చూడండి. పాలమూరు, అనంతపురం, రాయచూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరకి వెళ్తారు. వెళ్లినవాళ్లు ఆదివారం వస్తామని బుధవారం వస్తారు. సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద చెక్కలు, ఊతాలు) కట్టేవాళ్లు ఏ ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాళ్లైతే ఛట్ పండక్కి, ఎన్నికలకి వెళ్లారంటే నెల ఆగాల్సిందే. స్లాబు తేదీని వాళ్లని అడిగి పెట్టుకోండి.

ఆరో అడుగు: పునాది

గుంత అడుగు ఇంజినీరు వచ్చి చూశాకే కాంక్రీటు పోయాలి. డ్రాయింగులో ఐదడుగులు అని ఉన్నా, అక్కడ వదులు మట్టి తగిలితే ఇంకా లోతు పోవాలి. గుంతలో వాన నీళ్లు నిలిస్తే తోడి, మెత్తబడిన మట్టి తీసేయాలి.

స్టీలు వచ్చిన రోజు ఒక చిన్న పరీక్ష. కడ్డీ లావుని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీ మీటరుకి 0.89 కిలో, 12 మీటర్ల నిలువు కడ్డీ దాదాపు 10.7 కిలోలు. నాలుగైదు కడ్డీలు తూచి చూడండి. కొద్దిపాటి తేడాని ప్రమాణాలే ఒప్పుకుంటాయి, 9 కిలోలు తూగితే మాత్రం లారీని వెనక్కి పంపండి. తూకం రాళ్లు చూడగానే డ్రైవరు ఫోను తీస్తే మీకు విషయం అర్థమైపోతుంది.

ప్లింత్ నింపే ముందు చెదల మందు కొట్టించండి, బాత్రూముల పైపులకి దారి వదిలారో లేదో చూడండి. మట్టి ఒకేసారి కుమ్మరించకుండా పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. లేకపోతే రెండేళ్లకి హాల్లో టైల్స్ కింద డొల్ల శబ్దం వస్తుంది.

ఏడో అడుగు: స్లాబు

స్లాబు రోజున అందరూ వస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఫోటోలు దిగుతారు. అసలు పని ముందురోజు సాయంత్రమే ఉంటుంది. ఇంజినీరుని అప్పుడే పిలవండి. కడ్డీలు అల్లడం పూర్తయ్యాక, కాంక్రీటు రాకముందు ఉండే ఆ కాస్త సమయమే మీది.

చెక్క మీద కడ్డీ ఆనకూడదు, కింద కవర్ బ్లాకులు (కడ్డీకీ కాంక్రీటు బయటి అంచుకీ మధ్య ఎడం ఉంచే చిన్న దిమ్మెలు) ఉండాలి. ఆ ఎడమే కవర్: స్లాబుకి 20 ఎంఎం, బీముకి 25, పిల్లరుకి 40, పునాదికి 50. బ్లాకులు అయిపోయాయని కంకర రాయి, టైల్ ముక్క పెడతారు, అవి జారిపోతాయి. కవర్ తగ్గితే ఏళ్ల తర్వాత కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి సీలింగు పెచ్చులు ఊడతాయి. బెంగళూరు పాత ఇళ్లల్లో బాల్కనీ కింద కనిపించే ఎర్ర చారలు ఇవే.

బాల్కనీ దగ్గర ఇంకో నిమిషం ఆగండి. బాల్కనీలో బరువు మోసేది పైకడ్డీ. గది స్లాబులో మధ్యన కిందకడ్డీ ముఖ్యం, బాల్కనీలో తలకిందులు. ఆ పైకడ్డీ కింద కుర్చీల్లాంటి ఆధారాలు పెడతారు. కాంక్రీటు మోసేవాళ్లు రోజంతా దాని మీద నడిస్తే అది కిందకి కుంగిపోతుంది. పలకలు వేసి వాటి మీద నడిపించండి, కుంగిన చోట పోసే ముందు మళ్లీ లేపించండి. ఎవరినీ కోప్పడక్కర్లేదు, అక్కడ నిలబడితే చాలు.

కరెంటు పైపులు, ఫ్యాను బాక్సులు స్లాబులోకి పోతాయి. ఏ గదిలో ఫ్యాను ఎక్కడో, ఏసీ ఎక్కడో, ఇంటర్నెట్ తీగ ఎటో ఆరోజుకి తేలిపోయి ఉండాలి. అన్నీ అయ్యాక ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫోటోలు తీసి, పక్కన టేపు పెట్టి ఇంకో సెట్టు తీయండి. పదేళ్ల తర్వాత డ్రిల్లు వేసేవాడికి ఇవి పనికొస్తాయి.

వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందం అయితే దాదాపు 12 ఘనపు మీటర్లు, బీములు అదనం. రెడీ మిక్స్ లారీ ఒకటి 6 ఘనపు మీటర్లు తెస్తుంది, అంటే మూడు లారీలన్న మాట. మీ రోడ్డు ఇరవై అడుగులైతే, పైన కరెంటు తీగలుంటే పంపు బండి వస్తుందా, తిరుగుతుందా అని ముందే ఒక మనిషిని పిలిచి చూపించండి. పెద్ద బండ్లకి పగలు ఆంక్షలున్న రోడ్లు చాలా, తెల్లారుజాము వస్తే పక్కింటివాళ్లకి ముందే చెప్పండి.

మిక్సరుతో సైటులోనే కలిపితే గొడవంతా నీళ్ల దగ్గర వస్తుంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఒక గొంతు వినిపిస్తుంది: "సారూ, మాలు గట్టిగుంది, జారుతలేదు, ఓ బకెట్ పోద్దమా?" ఎం20 (చిన్న ఇళ్లకి మామూలుగా వాడే కాంక్రీటు గ్రేడు) మిశ్రమంలో 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు సుమారు 25 లీటర్లు. ఇంకో బకెట్ పోస్తే పరచడం సులువే, కానీ ఆ నీళ్లు ఆరాక మిగిలేవి రంధ్రాలు. "వద్దు మేస్త్రీ, వైబ్రేటర్ బాగా పట్టించండి" అనండి. వైబ్రేటర్ ఒకటి అదనంగా తెప్పించుకోండి, ఉన్నది సరిగ్గా సగం పనిలోనే చెడిపోతుంది. ఆరు కాంక్రీటు ఘనాలు (క్యూబులు) పోయించి ల్యాబుకి పంపితే, మూడిటితో 7 రోజులకి, మూడిటితో 28 రోజులకి బలం తెలుస్తుంది.

మర్నాటి నుంచి మడులు కట్టి నీళ్లు నిలపాలి. ఓపీసీ (సాధారణ) సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటుకి) 10 రోజులు, ఇంకా ఎక్కువైతే మంచిదే. చుట్టూ గోడ లేని పిల్లర్లకి గోనెపట్టా చుట్టి తడపాలి. నీళ్లు పోసే పని వాచ్‌మన్ కుటుంబానికి నెల జీతం మీద అప్పగిస్తే పని జరుగుతుంది. మేస్త్రీ మనుషులు "పోశాం సార్" అంటారు, స్లాబు మాత్రం పొడిగా ఉంటుంది.

సెంట్రింగ్ వాడు సామాను ఇంకో సైటుకి కావాలని తొందరపెడతాడు. 4.5 మీటర్ల లోపు స్లాబు కింద ఊతాలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్ల లోపు బీముకి 14 రోజులు ఉండాలి. ఇవి కనీస గడువులు, పీపీసీ వాడితే, చలి ఎక్కువైతే ఇంజినీరు ఇంకా ఆపమనొచ్చు. బాల్కనీ ఊతాలు చివరి అంచు నుంచి లోపలికి, అన్నిటికంటే ఆఖరున తీయించండి.

ఎనిమిదో అడుగు: గోడలు, గోడల్లోపల

బయట ఆరంగుళాల సాలిడ్ బ్లాకులు, లోపల నాలుగంగుళాలు ఇక్కడ మామూలు. బ్లాకు గోడ పిల్లరుని కలిసే చోట ప్లాస్టరుకి ముందు మెష్ (తీగల వల) కొట్టించకపోతే నిలువు పగుళ్లు ఖాయం. రంగులు వేసే మేస్త్రీ వాటిని పుట్టీతో కప్పుతాడు, మరుసటి ఏడు మళ్లీ కనిపిస్తాయి.

కట్టుబడికి ఎం-శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక), ప్లాస్టరుకి పీ-శాండ్ (అందులో సన్నరకం) వేరు వేరుగా తెప్పించండి. గాజు గ్లాసులో సగం ఇసుక, పైన నీళ్లు పోసి కలిపి ఉంచితే మెత్తటి దుమ్ము ఇసుక మీద పొరగా పేరుకుంటుంది. పొర మందంగా ఉంటే ఆ లోడు వద్దు.

పైపులు గోడలో మూసే ముందు ప్రెషర్ పరీక్ష చేయించండి, రాత్రంతా ముల్లు కదలకూడదు. బాత్రూము వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందు రెండు రోజులు నీళ్లు నిలిపి కింద గదిలో సీలింగు చూడండి. ఈ రెండు పరీక్షలకీ మూడు రోజులు పోతాయని మేస్త్రీ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

తొమ్మిదో అడుగు: ఫినిషింగ్

దీని గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే ఇంట్లో అందరికీ ఇక్కడ అభిప్రాయాలు ఉంటాయి. డబ్బు అయిపోయేది కూడా ఇక్కడే. తలుపులు, టైల్స్, బాత్రూము ఫిట్టింగులు, కిచెన్ ముందే ఎంచుకుని ధర రాసి పెట్టుకోండి. షోరూములో నిలబడి నిర్ణయించేది ఎప్పుడూ రెట్టింపవుతుంది. తగ్గించుకోవాలంటే అలమరాలు, ఫాల్స్ సీలింగ్ తర్వాత చేయించుకోండి. వైరింగ్, ఎర్తింగ్, వాటర్‌ప్రూఫింగ్‌లో మాత్రం రూపాయి తగ్గించకండి.

పదో అడుగు: వాన నీళ్లు, కనెక్షన్లు, గృహప్రవేశం

1,200 చదరపు అడుగులు, ఆపైన సైటులో కొత్త ఇంటికి వాన నీటి నిల్వ తప్పనిసరి. చేయడం మంచిదే కూడా. బెంగళూరులో ఏడాదికి 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద అది సుమారు 90,000 లీటర్లు. అంతా పట్టలేకపోయినా, ఫిల్టరు పెట్టి సంపులోకి మళ్లిస్తే వానాకాలంలో టాంకరు మరిచిపోవచ్చు.

కట్టేటప్పుడు కరెంటు సంస్థ బెస్కామ్ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకుంటాం, దాని రేటు ఎక్కువ. శాశ్వత కనెక్షనుకి ఇప్పుడు కాగితాలు గట్టిగా అడుగుతున్నారు. పూర్తయినట్టు ధ్రువపత్రం లేనిదే కరెంటు, నీళ్లు ఇవ్వొద్దని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 1,200 చదరపు అడుగుల దాకా ఉన్న సైట్లలో చిన్న ఇళ్లకి కర్ణాటక ప్రభుత్వం సడలింపు ఇచ్చింది. మీ ఇల్లు అందులోకి వస్తుందో లేదో ప్లాను మంజూరు దశలోనే అడిగి తెలుసుకోండి. పెద్ద సైటైతే ప్లాను తప్పి కట్టిన ప్రతి అడుగూ ఇక్కడ లెక్కకొస్తుంది.

ఇంకో లాభం చాలామంది వదిలేస్తారు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి, ఇల్లు పూర్తికాక ముందు ఏళ్లలో కట్టిన వడ్డీని పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా చూపించుకునే వీలుంది. మొత్తం వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల పరిమితి ఉంటుంది. బ్యాంకు వడ్డీ పత్రాలు, పూర్తయిన తేదీకి రుజువు దాచుకోండి.

గృహప్రవేశం ముహూర్తం దొరికిందని పని మిగిలి ఉండగానే పాలు పొంగించి చేరిపోవడం మనవాళ్లకి అలవాటు. పాలు పొంగించుకోండి, తప్పులేదు. కానీ మేస్త్రీకి ఆపి ఉంచిన ఆ 5 శాతం ఆరోజు కొత్తబట్టలతో కలిపి ఇచ్చేయకండి. బట్టలు పెట్టి, భోజనం పెట్టి, మిగిలిన డబ్బు మాత్రం ఒక వానాకాలం గడిచి, మేడ మీద, కిటికీల కింద, బాత్రూముల పక్క గోడల్లో చెమ్మ లేదని చూసుకున్నాక ఇవ్వండి. ఈ మాట ఒప్పందంలో మొదటే ఉంటే అతను బాధపడడు.